కత్తెర డైరీ: మౌస్ ముట్టకుండా వీడియో ఎడిటింగ్

మొదటి శనివారం

ప్రోగ్రామింగ్ పాఠాలు 14 రికార్డు చేశాను. స్క్రీన్ ఒక ఫైలు, కెమెరాలో నా ముఖం ఇంకో ఫైలు, మైకులో గొంతు మూడోది. అన్నీ కోసి, అతికించి, రెండర్ చేసి (చివరి వీడియో ఫైలుగా తీసి), హమ్మయ్య అనుకుని చూసుకుంటే మొదటి టైటిల్‌లోనే అక్షరదోషం. 'పైథాన్ పునాదులు' అని ఉండాల్సిన చోట 'పైథాన్ పునాదలు'. ఒక్క కొమ్ము ఎగిరిపోయింది. అదే టైటిల్‌ని కాపీ చేసుకుంటూ పోయాను కాబట్టి 14 పాఠాల్లోనూ ఎగిరిపోయింది.

కోడ్‌లో అయితే ఒక కాన్‌స్టంట్ మార్చి వదిలేసేవాడిని. ఇక్కడ 14 ప్రాజెక్టులు తెరవాలి, టైటిల్ మీద రెండుసార్లు నొక్కాలి, దిద్దాలి, రెండర్‌కి పెట్టాలి. చిరాకేసింది. టైమ్‌లైన్ (ఏ ముక్క ఎప్పుడు రావాలో చెప్పే వరస) మొత్తం ఒక టెక్స్ట్ ఫైలుగా ఉండాలి, గిట్‌లో (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే టూల్‌లో) పెట్టుకోగలగాలి, ఒక్క కమాండ్‌తో వీడియో బయటికి రావాలి అని ఆ కోపంలోనే అనుకున్నాను. పేరు కూడా అప్పుడే పెట్టేశాను: కత్తెర. పని మొదలుకాకముందే పేరు పెట్టడం నాకు పాత జబ్బు.

ఆదివారం

ఉన్నవాటిని చూడకుండా రాయడం మొదలుపెడితే తర్వాత సిగ్గుపడాల్సి వస్తుందని ఈ రోజంతా చదవడానికే పెట్టాను.

కెడెన్‌లైవ్, షాట్‌కట్ అనే రెండు వీడియో ఎడిటర్ల కిందా నడిచే ఇంజన్ ఒకటే, ఎమ్‌ఎల్‌టీ. వాటి ప్రాజెక్టు ఫైళ్లు ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే టెక్స్ట్ రూపంలో ఉంటాయి. ఎమ్‌ఎల్‌టీతో వచ్చే మెల్ట్ అనే కమాండ్‌కి ఆ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఇస్తే కిటికీ తెరవకుండానే రెండర్ చేసిపెడుతుంది. నేను వాడిన ఎడిటర్ కూడా ఈ కుటుంబానిదే. అంటే నిజానికి 14 ఫైళ్లలో 'పునాదలు' వెతికి 'పునాదులు' పెట్టి, మెల్ట్‌కి ఇచ్చేస్తే నా సమస్య పావుగంటలో తీరిపోయేది. ఇది ఇక్కడే ఒప్పుకుంటున్నాను. మీ బాధ కూడా నా బాధలాంటిదే అయితే ఇక చదవక్కర్లేదు, ఆ దారిన వెళ్లండి.

మరి నేనెందుకు వెళ్లలేదంటే, ఆ ఎక్స్‌ఎమ్‌ఎల్ మెషిన్ తన కోసం రాసుకున్నది. ఒక్క క్లిప్‌ని రెండు సెకన్లు జరిపి గిట్‌లో డిఫ్ (పాతదానికీ కొత్తదానికీ తేడా) చూస్తే ఏం మారిందో కళ్లకి ఆనదు. నాకు కావలసింది నేను చదవగలిగేది, నేను రాయగలిగేది.

బ్లెండర్‌లో పైథాన్ ఉంది, ఎడిటర్ ఉంది, కంపోజిటర్ (బొమ్మ మీద బొమ్మ పేర్చేది) కూడా ఉంది. కానీ మూలన నా ముఖం పెట్టడానికి అంత పెద్ద త్రీడీ సాఫ్ట్‌వేర్ అంటే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టే. నాట్రాన్ నోడ్‌లతో కంపోజిటింగ్ చేస్తుంది, ఓపెన్‌ఎఫ్‌ఎక్స్ ప్లగిన్‌లు తీసుకుంటుంది. షాట్ మీద షాట్ పేర్చడానికి బాగుంటుంది గానీ, గంటసేపటి పాఠాన్ని ముక్కలుగా కోయడానికి కాదు. నా మనసుకి దగ్గరగా వచ్చినవి ఎవిసింత్, వేపర్‌సింత్. వీటిలో వీడియో అంటే ఒక స్క్రిప్ట్. ఎవరైనా 500వ ఫ్రేమ్ (వీడియోలోని ఒక్కో బొమ్మ) అడిగితే అప్పుడు ఆ ఒక్క ఫ్రేమ్‌కి కావలసిన పనే చేస్తుంది, అడగనిది చేయదు. ఈ ఆలోచనని మొహమాటం లేకుండా ఎత్తేశాను.

సాయంత్రానికి ఫైలు రూపం ఇలా తేలింది:

తీసుకో తెర3 00:12 నుంచి 01:40 వరకు
పైన పెట్టు ముఖం3 కుడి-కింద వెడల్పు 320
టైటిల్ "పైథాన్ పునాదులు" 4 సెకన్లు

కీవర్డ్‌లు తెలుగులోనే పెట్టాను. పార్సర్ (ఈ ఫైలుని చదివి అర్థం చేసుకునే కోడ్) నాది, అడిగేవాళ్లెవరు?

మంగళవారం రాత్రి

మొదటి ప్రయత్నం: నా ఫైలుని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ (వీడియోలని చదివి, మార్చి, రాసే కమాండ్ టూల్) ఫిల్టర్ గ్రాఫ్‌గా, అంటే అది చేయాల్సిన పనుల గొలుసుగా మార్చి, మిగతాది దాని నెత్తిన వేయడం. 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఈ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ మీద ఇవాళ ఎన్ని వీడియో టూల్‌లు నడుస్తున్నాయో లెక్కేలేదు. కోయడానికి ట్రిమ్, పైన పెట్టడానికి ఓవర్‌లే, వరసగా అతికించడానికి కాన్‌క్యాట్. మూడు క్లిప్‌ల వరకు హాయిగా ఉంది.

తర్వాత నా ముఖం మాయమైంది. స్క్రీన్ కనిపిస్తోంది, గొంతు వినిపిస్తోంది, మనిషి లేడు. 40వ సెకను దాటాక ఉన్నట్టుండి మూలలో ప్రత్యక్షమయ్యాను. కెమెరా ఫైల్లో మొదటి 40 సెకన్లు నేను మైకు సర్దుకుంటున్నవి, వాటిని ట్రిమ్ చేశాను. ట్రిమ్ ఫ్రేమ్‌లని కోస్తుందే గానీ వాటి మీదున్న టైమ్‌స్టాంప్‌లని ముట్టుకోదు. కాబట్టి నా మొదటి ఫ్రేమ్ మీద ఇంకా '40వ సెకను' అనే చీటీ ఉంది. ఓవర్‌లే ఆ చీటీ చూసి 40వ సెకను దాకా ఓపిగ్గా ఆగింది. కోసిన వెంటనే సెట్‌పీటీఎస్ పెట్టి లెక్కని సున్నాకి తేవాలి.

అది సర్దుకుంది గానీ, తొమ్మిది క్లిప్‌లు వచ్చేసరికి గ్రాఫ్ అంతా చదరపు బ్రాకెట్ల అడవి అయిపోయింది. తప్పు ఎక్కడుందో అది చెప్పదు, చెప్పినా నాకు అర్థం కాదు. చదివే పని, చివర్లో ఎన్‌కోడ్ చేసే (కుదించి వీడియో ఫైలుగా రాసే) పని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కి వదిలేసి, మధ్యలో ఫ్రేమ్‌ల పని నేనే పైథాన్, దాని అంకెల లైబ్రరీ నమ్‌పైతో చేసుకోవాలని తేల్చుకున్నాను.

శుక్రవారం, అర్ధరాత్రి దాటాక

పైపులు, అంటే ఒక ప్రోగ్రామ్ రాసేదాన్ని నేరుగా ఇంకోదానికి చేర్చే గొట్టాలు. ఒక ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రాసెస్ వీడియోని విప్పి ముడి పిక్సెళ్లుగా స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి పోస్తుంది. నేను ఒక్కో ఫ్రేమ్ చదివి, మార్చి, ఇంకో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కి ఇన్‌పుట్‌గా పోస్తాను. ఒక్క ఫ్రేమ్ 1920 × 1080 × 4 = 82,94,400 బైట్లు. సెకనుకి 30 అంటే సుమారు 249 ఎంబీ. పైపులో ఇంత పారుతుందా అని భయపడ్డాను, హాయిగానే పారుతుంది.

పారుతూ పారుతూ ఆగిపోయింది. ఎర్రర్ లేదు, సీపీయూ సున్నా, అంతా నిశ్శబ్దం. మళ్లీ నడిపితే మళ్లీ ఆగింది, కానీ వేరే ఫ్రేమ్ దగ్గర. చిన్న పాఠాలు ఎప్పుడూ ఆగవు, పెద్దవే ఆగుతాయి. మెమరీ అనుకున్నాను, ఫైలు పాడైందనుకున్నాను, చివరికి ల్యాప్‌టాప్ వేడెక్కిందని కింద రెండు పుస్తకాలు పెట్టి ఎత్తాను.

దారి చూపింది గోడ గడియారం. ఆగే ఫ్రేమ్ మారుతోంది గానీ, ఆగే సమయం మారట్లేదు. మొదలుపెట్టిన ఐదున్నర నిమిషాలకి, కాస్త అటూ ఇటూగా. టైమర్ లాంటిది ఏముంది ఇందులో? ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అర సెకనుకోసారి 'ఇన్ని ఫ్రేమ్‌లు అయ్యాయి' అని స్టాండర్డ్ ఎర్రర్‌లో (మెసేజ్‌ల కోసం ఉన్న వేరే దారిలో) ఒక వరస రాస్తుంది. వరసకి సుమారు 100 బైట్లు. ఆ స్టాండర్డ్ ఎర్రర్‌ని కూడా నేను పైపుకే కలిపాను, కానీ దాన్ని చదవడం మర్చిపోయాను. లినక్స్‌లో పైపు నిండా పట్టేది మామూలుగా 65,536 బైట్లు. అంటే 655 వరసలు. అర సెకనుకొకటి చొప్పున 327 సెకన్లు. ఐదున్నర నిమిషాలు! పైపు నిండగానే తర్వాతి వరస రాయలేక అది ఆగింది. తర్వాతి ఫ్రేమ్ రాక నేను ఆగాను. 'ముందు మీరు' అంటే 'ముందు మీరు' అనుకుంటూ గుమ్మంలో నిలబడ్డ ఇద్దరిలా ఉన్నాం.

మెసేజ్‌లని ఒక లాగ్ ఫైలుకి మళ్లించాను. ఒక్క లైను. దానికి మూడు రాత్రులు.

రెండో ఆదివారం

ఈ ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు ఇది బొమ్మల పని అనుకున్నాను. వారం తిరిగేసరికి ఇది చిట్టాపద్దుల పని అని తెలిసింది. ఇవాళ్టి పద్దు కాలం.

నా కెమెరా సెకనుకి 30 ఫ్రేమ్‌లు తీస్తుందని పెట్టె మీద ఉంది. ఫైలుని అడిగితే 30000/1001 అంటుంది, అంటే 29.97. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పాత టీవీ పద్ధతి) టీవీకి రంగు చేర్చిన కాలంలో అంటుకున్న భిన్నం ఇది, ఇప్పటికీ వదల్లేదు. తేడా వెయ్యిలో ఒక వంతే కదా, దాన్ని 30గా తీసుకుంటే ఏమవుతుంది? 20 నిమిషాల పాఠం చివరికి 1.2 సెకన్లు తప్పుతుంది. నేను 'నమస్తే' అని పెదవులు కలిపేసరికి గొంతు ఎక్కడో ఉంటుంది.

అందుకని దశాంశాలు పక్కన పెట్టి, కత్తెరలో కాలాన్ని మొత్తం పైథాన్ ఫ్రాక్షన్‌లోకి (భిన్నాన్ని భిన్నంగానే దాచే టైపులోకి) మార్చాను. ఫ్లోట్‌లని (కంప్యూటర్ ఉజ్జాయింపుగా దాచే దశాంశాలని) ఎందుకు నమ్మకూడదో మీరే చూడండి. పైథాన్‌లో 0.29 ని 100 తో గుణిస్తే 28.999999999999996 వస్తుంది. దాన్ని పూర్ణాంకం చేస్తే 28. ఒక ఫ్రేమ్ గల్లంతు. ఇలాంటిదే నాకు కొన్ని కట్‌ల దగ్గర పాత షాట్ ఒక్క ఫ్రేమ్ మెరిసి పోయేలా చేసింది. మనిషికి అదేంటో తెలియదు, 'ఏదో చికాకుగా ఉంది' అంటాడు అంతే.

ఫ్రాక్షన్‌తో సగం పోయింది. మిగతా సగం నా నియమం లేకపోవడం వల్ల. '01:40 వరకు' అంటే ఆ ఫ్రేమ్ ఉన్నట్టా, లేనట్టా? ఒకచోట ఉన్నట్టు రాశాను, ఇంకోచోట లేనట్టు. ఇప్పుడు కోడ్ అంతటా ఒకటే పద్ధతి: మొదలు కలుస్తుంది, చివర కలవదు. అప్పుడు ఒక క్లిప్ చివరి అంకే తర్వాతి క్లిప్ మొదటి అంకె అవుతుంది, మధ్యలో ఖాళీ గానీ, రెండుసార్లు రావడం గానీ ఉండదు. లిస్టు ముక్కలు కోసేటప్పుడు రోజూ చేసేదే, వీడియో అనగానే మర్చిపోయాను.

అదే రాత్రి, ఆడియో

ఇది విడిగా రాయాల్సిందే. సెకనుకి 48,000 శాంపిళ్లు (శబ్దాన్ని కొలిచిన అంకెలు). 30 ఫ్రేమ్‌లకైతే ఒక్కో ఫ్రేమ్‌కి 1600, గొడవ లేదు. 30000/1001 కి లెక్క వేస్తే ఫ్రేమ్‌కి 1601.6 శాంపిళ్లు. ఆ పాయింట్ ఆరుని ఏం చేయాలి? శాంపిల్‌ని ముక్క చేయలేం.

నేను మొదట 1601 తీసుకుని మిగతాది వదిలేశాను. ఫ్రేమ్‌కి 0.6 శాంపిల్ నష్టం. 20 నిమిషాల్లో 35,964 ఫ్రేమ్‌లు, సుమారు 21,578 శాంపిళ్లు, అంటే 0.45 సెకను. చివరికొచ్చేసరికి పెదవి కదలకముందే మాట వినిపిస్తోంది. ఇది సినిమా డబ్బింగ్ కంటే కనాకష్టం, ఎందుకంటే గొంతు నాదే, మొహమూ నాదే.

మందు చిన్నదే. ఫ్రేమ్‌కి ఎన్ని శాంపిళ్లు అని అడక్కూడదు, ఈ ఫ్రేమ్ మొదలయ్యే శాంపిల్ ఎన్నోది అని అడగాలి. ఫ్రేమ్ నంబర్‌ని 8008 తో గుణించి 5 తో భాగించి కింది పూర్ణాంకం తీసుకుంటే మొదళ్లు 0, 1601, 3203, 4804, 6406, 8008 అని వస్తాయి. మధ్య తేడాలు 1601, 1602, 1601, 1602, 1602. ఐదు ఫ్రేమ్‌లు తిరిగేసరికి పద్దు సరిగ్గా సున్నాకి వస్తుంది. ఎంతసేపు నడిపినా తప్పు పోగుపడదు.

కాగితం మీద ఈ అయిదు అంకెలూ రాసుకున్నప్పుడు కలిగిన ఆనందం, ఈ ప్రాజెక్టులో ఇంకెక్కడా కలగలేదు.

మూడో బుధవారం

మా తమ్ముడికి మొదటి పాఠం చూపించాను.

"అన్నా, లోగో చుట్టూ మురికి గీత ఉంది, కావాలనే పెట్టావా?"

"ఎక్కడరా? ఏం లేదే."

"తెల్ల స్లైడ్ వచ్చినప్పుడు ఆపి చూడు."

ఆపి చూశాను. ఉంది. లోగో అంచు తెలుపు, స్లైడ్ తెలుపు, మధ్యలో బూడిద రంగు గీత. వెలుగులు కలిసిన చోట మసి ఎలా వచ్చింది?

లోగో పీఎన్‌జీ. పీఎన్‌జీలో రంగు, ఆల్ఫా (పిక్సెల్ ఎంత కనిపించాలో చెప్పే అంకె: 1 అంటే పూర్తిగా, 0 అంటే అసలు కాదు) రెండూ విడివిడిగా ఉంటాయి. పూర్తిగా పారదర్శకంగా ఉన్న చోట రంగు ఏదున్నా కనిపించదు కాబట్టి, నా ఫైల్లో అక్కడ నలుపు ఉంది. లోగోని చిన్నది చేసినప్పుడు పక్కపక్క పిక్సెళ్లు కలుస్తాయి. తెల్ల పిక్సెల్ (255, ఆల్ఫా 1), పక్కన కనిపించని నల్ల పిక్సెల్ (0, ఆల్ఫా 0). సగటు తీస్తే రంగు 127.5, ఆల్ఫా 0.5. దీన్ని తెల్ల స్లైడ్ మీద పెడితే 127.5లో సగం, 255లో సగం, మొత్తం 191. అదే ఆ మురికి గీత. కనిపించని నలుపు, సగటులో దొంగతనంగా కలిసింది.

ముందే రంగుని ఆల్ఫాతో గుణించి పెట్టుకుంటే, అంటే ప్రీమల్టిప్లై చేస్తే, సగటు రంగు 127.5 అన్నది అప్పటికే గుణించినది. దానికి స్లైడ్ 255లో మిగిలిన సగం, 127.5 కలిపితే సరిగ్గా 255. గీత మాయం. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ రాసిన పేపర్‌లో ఈ 'ఓవర్' సూత్రం ఇదే రూపంలో ఉంది: పైదాని రంగు, దానికి తోడు (1 - పైదాని ఆల్ఫా) × కిందిదాని రంగు. ఓపెన్‌ఈఎక్స్‌ఆర్ అనే బొమ్మల ఫార్మాట్‌లో ఆనవాయితీగా గుణించిన రంగే ఉంటుంది, పీఎన్‌జీలో ఉండదు. కాబట్టి చదివిన వెంటనే గుణించాలి, సైజు మార్చడం ఆ తర్వాతే. నా కోడ్‌లో రెండు లైన్లు అటుదిటు మార్చాను.

వేగం గురించి ఒక మాట. ఫ్లోట్‌లలో చేస్తే ఫ్రేమ్‌కి 33 ఎంబీ అవుతుంది. మూలలో 320 వెడల్పు ముఖం కోసం స్క్రీన్ మొత్తాన్ని ఫ్లోట్ చేయడం ఎందుకని, మారే దీర్ఘచతురస్రాన్నే లెక్కిస్తున్నాను. రెండర్ సమయం బాగా తగ్గింది.

ఆ తర్వాతి రెండు రోజులు, క్లుప్తంగా

రంగులు. స్క్రీన్ రికార్డింగ్‌లో ఎర్రగా ఉన్న కీవర్డ్‌లు వీడియోలో కాస్త నారింజ వైపు జరిగాయి. నేను ఆర్‌జీబీ పోస్తున్నాను, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ దాన్ని వైయూవీ (వెలుతురు, రంగు విడివిడిగా దాచే రూపం) చేస్తూ, ఏమీ చెప్పకపోతే పాత టీవీల 601 పట్టిక వాడుతోంది. ప్లేయర్ హెచ్‌డీ వీడియో కాబట్టి 709 అనుకుని విప్పుతోంది. మార్చేటప్పుడు 709 అని చెప్పి, ఫైలు మీద కూడా ఆ ముద్ర వేస్తే కుదిరింది.

టైటిల్‌లు. పిల్లో అనే పైథాన్ బొమ్మల లైబ్రరీతో తెలుగు రాస్తే 'ఫంక్షన్లు' కాస్తా క్, ష, న్, లు అని విడిపోయి, వత్తులు ఎక్కడివక్కడ పొల్లులై నిలబడ్డాయి. పిల్లోకి రాక్మ్ అనే లేఅవుట్ దారి ఉంది, అది హార్ఫ్‌బజ్‌తో అక్షరాలని కూరుస్తుంది. కానీ నా మెషిన్‌లో రాక్మ్‌కి కావలసిన ఫ్రిబిడి లైబ్రరీ లేదు, అది లేకపోతే పిల్లో నోరెత్తకుండా సాదా లేఅవుట్‌కి దిగిపోతుంది. లైబ్రరీ పెట్టగానే అక్షరాలు ఒద్దికగా కూర్చున్నాయి. ఇప్పుడు కత్తెర మొదలవగానే రాక్మ్ ఉందో లేదో చూసి, లేకపోతే అక్కడే ఆగి గట్టిగా అరుస్తుంది. చెప్పకుండా దిగజారే సాఫ్ట్‌వేర్ అంటే నాకు ఒళ్లుమంట.

నాలుగో శనివారం

ఒక అక్షరం మార్చితే 20 నిమిషాల పాఠం మొత్తం మళ్లీ రెండర్ అవడం ఏంటి? మొదలుపెట్టిందే ఆ బాధతో కదా. మారిన ముక్కే మళ్లీ చేయాలి.

మొదట తెలివిగా చేయబోయాను. తయారైన హెచ్.264 వీడియోలో టైటిల్ ముక్కని తీసేసి, కొత్తది పెట్టి, మిగతాది రీఎన్‌కోడ్ లేకుండా కాపీ చేద్దామని. కానీ కాపీలో కోత కీఫ్రేమ్ (పక్క ఫ్రేమ్‌ల మీద ఆధారపడకుండా పూర్తిగా దాచిన ఫ్రేమ్) దగ్గరే పడుతుంది. హెచ్.264 రాసే ఎక్స్264 మామూలు సెట్టింగ్‌లో రెండు కీఫ్రేమ్‌ల మధ్య 250 ఫ్రేమ్‌ల దాకా ఉండొచ్చు, ఎనిమిది సెకన్ల పైమాటే. నా టైటిల్ నాలుగు సెకన్లు. కుదరదు.

అందుకని ప్రతి ముక్కనీ ముందు ఎఫ్‌ఎఫ్‌వీ1లో దాచుకుంటున్నాను. నాణ్యత ఏమాత్రం పోని ఫార్మాట్, కీఫ్రేమ్ దూరం 1 అని పెడితే ప్రతి ఫ్రేమూ తన కాళ్ల మీద తను నిలబడుతుంది, ఎక్కడ కోసినా పర్వాలేదు. 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9043గా దాని వివరణ కూడా వచ్చింది కాబట్టి, రేపు ఎవరూ చదవలేకపోతారేమో అన్న బెంగ లేదు. డిస్క్ మాత్రం దండిగా తింటుంది. ముక్క వివరాలు, మూల ఫైళ్లు, కత్తెర వెర్షన్ కలిపి ఒక హ్యాష్ (వేలిముద్ర లాంటి చిన్న కోడ్) తీస్తాను, అదే ఆ ముక్క ఫైలు పేరు. హ్యాష్ మారకపోతే ముట్టుకోను. చివర్లో అన్నీ కలిపి ఒకసారి ఎన్‌కోడ్.

టెస్టులకి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోని ఫ్రేమ్‌ఎమ్‌డీ5 దొరికింది, ఒక్కో ఫ్రేమ్‌కి ఒక ఎమ్‌డీ5 హ్యాష్ రాసిస్తుంది. పాత జాబితా, కొత్త జాబితా డిఫ్ చేస్తే ఏ ఫ్రేమ్ మారిందో నంబర్‌తో సహా తెలుస్తుంది. ఎన్‌కోడ్ అయ్యాక కాకుండా ముందే తీయాలి, లేకపోతే ఎన్‌కోడర్ వెర్షన్ మారినా టెస్టులు ఎర్రబడతాయి.

ఓపెన్‌టైమ్‌లైన్‌ఐఓకి ఎగుమతి కూడా రాశాను. పిక్సార్‌లో పుట్టి, ఇప్పుడు అకాడమీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చేతిలో ఉన్న ఫార్మాట్. ఎవరికైనా నా టైమ్‌లైన్‌ని మామూలు ఎడిటర్‌లో తెరవాలనిపిస్తే పనికొస్తుంది. అందులో కాలానికి పెట్టిన టైపు పేరు రేషనల్‌టైమ్, లోపల చూస్తే విలువ, రేటు రెండూ డబుల్‌లే, అంటే ఫ్లోట్‌లే. వారమంతా ఫ్రాక్షన్‌లతో కుస్తీ పట్టినవాడికి కాస్త చివుక్కుమంది.

నాలుగో ఆదివారం, ఉదయం

14 పాఠాల ఫైళ్లూ టైటిల్‌ని ఒకే ఉమ్మడి ఫైలు నుంచి తీసుకుంటున్నాయి. పరీక్ష కోసం నిన్న అన్నిటినీ కావాలనే 'పునాదలు'తో ఒకసారి రెండర్ చేసి ఉంచాను. రాత్రి పడుకునే ముందు ఆ ఉమ్మడి ఫైల్లో కొమ్ము పెట్టి, కమాండ్ ఇచ్చాను. ముక్కలు చేయడంలో మళ్లీ పని పడింది 14 టైటిల్‌లకే, మిగతావన్నీ దాచినచోటి నుంచి వచ్చాయి. చివరి ఎన్‌కోడ్‌కే రాత్రంతా పట్టింది. గిట్‌లో డిఫ్ ఒక్క లైను.

పొద్దున్న దాచినవి వాడకుండా ముక్కలన్నీ మళ్లీ తీయించి, నిన్నటితో ఫ్రేమ్‌ఎమ్‌డీ5 జాబితాలు పోల్చాను. 13 పాఠాల్లో టైటిల్ ఫ్రేమ్‌లు తప్ప ఇంకేమీ మారలేదు. 11వ పాఠంలో మాత్రం మధ్యలో ఒక ఫ్రేమ్ మారింది, నేను ముట్టుకోని చోట. ఆ పాఠానికి కెమెరా చెడిపోయి ఫోన్‌తో తీశాను. ఫోన్ సెకనుకి ఇన్ని అని లెక్క ప్రకారం తీయదు, వెలుతురు తగ్గితే ఫ్రేమ్‌లూ తగ్గిస్తుంది. ఫైలుని అడిగితే చెప్పే రెండు ఫ్రేమ్ రేట్లూ ఒకదానికొకటి కలవట్లేదు. చదివేటప్పుడే ఎఫ్‌పీఎస్ ఫిల్టర్ వేసి సమానం చేస్తున్నాను గానీ, నిన్నటికీ ఇవాళ్టికీ అదే ఫైలు వేరే ఫ్రేమ్ ఎందుకిచ్చిందో పట్టుకోవాలి. నా అనుమానం సీకింగ్ మీద. ముక్క మొదలుని వెతికేటప్పుడు ఇంకా ఒకచోట సెకన్లని ఫ్లోట్‌గా పంపుతున్నాను, దాన్ని మార్చడం మర్చిపోయాను. కాఫీ తాగి అక్కడి నుంచే మొదలుపెడతాను.